కంచం తియ్యబాక

ఉత్తరం నుంచి వచ్చే బండి
కొరుక్కుపేట సిగ్నల్ దగ్గర ఊపిరి బిగబట్టుకుంటుంది,
తెల్లారి నాలుగున్నరకి.
అప్పుడే నా చీపురు మొదలవుతుంది.
గోడకీ పట్టాలకీ మధ్య సందు నా వార్డు.
మా మేనల్లుడి పని కూడా అక్కడేనని
నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కాశిమేడులో ఐసు పెట్టెలు మోసేవాడు.
చేతులెప్పుడూ చల్లగా, మడమలు పగిలి.
ఒక ఆడి నెలలో బూట్లు కొనుక్కొచ్చాడు,
తెల్లవి, ఒక సైజు పెద్దవి.
"ఎవరిచ్చార్రా" అంటే
"కంపెనీ అత్తా" అన్నాడు.
ఏ కంపెనీకి బోర్డుండదో,
ఏ కంపెనీ జీతం పేపర్లో చుట్టి ఇస్తుందో
అడగాల్సింది.
అడగలేదు. అప్పటికి మూడు నెలల బాడుగ బాకీ.
ఇది నేను స్టేషన్లో చెప్పని సంగతి.

ఒక రాత్రి మంచం కింద సంచి పెట్టాడు.
గోధుమరంగు టేపుతో బిగించి చుట్టిన పొట్లాలు.
తడిసిన ఆకు కంపు, పైన కాఫీపొడి చల్లినట్టు.
చింతపండేమో అనుకున్నానని చెప్పాను ఎస్సైకి.
చింతపండు వాసన తెలియని తెలుగుదాన్నా నేను?

ఆ పై బుధవారం
అన్నంలో చెయ్యి పెట్టినవాడు లేచాడు.
ఫోనులో అవతలివాడి మాట నాకు వినపడలేదు.
బూట్లు కూడా తొడగలేదు, రబ్బరు చెప్పుల్తోనే
"అయిదు నిమిషాలత్తా, కంచం తియ్యబాక" అన్నాడు.
తియ్యలేదు.
తెల్లారేసరికి చీమలు తీసేసినయ్.

పట్టాల మీదంటే రైల్వే పోలీసు,
సందులో అంటే ఊరి పోలీసు,
సంచి అంటే ఇంకో ఆఫీసు, ఎగ్మూరు అవతల.
"నాళైక్కి వామ్మా" అనే మాట మాత్రం ముగ్గురిదీ.
చివరికి ఒకడు రాసుకున్నాడు.
మా వాడు పెంచలయ్య.
కోనలో స్వామి పేరు, మా నాయన పెట్టింది.
అరవంలో రాసి చదివితే పెంజలయ్య.
ఆర్నెల్లకోసారి రైటరు పైకి చదువుతాడు:
"పెంజలయ్య, ఇరవై ఒకటి, ఆచూకీ లేదు."
లేడు మరి.
ఆ పేరుగలవాడు మా ఇంట్లో పుడితే గదా.

మొదటి నెల ఇద్దరిద్దరుగా వచ్చేవాళ్ళు,
ఖాకీ వేసుకోని పోలీసులు,
ఇస్త్రీ మడత నలగని ఆ ఇంకొకళ్ళు.
అందరూ అడిగింది ఒకటే: సంచి ఏదీ?
వాడేడీ అని అడిగింది నేనొక్కదాన్నే.
ఆ ఇంకొకళ్ళలో ఒక లేతవాడు, మీసం సరిగా రానివాడు,
గడప పక్కన బూట్ల వంక చూసి
తల దించుకున్నాడు.
వాడికి తెలుసు.
ఆ తల దించుకోవడమే నా దగ్గరున్న సాక్ష్యం.
కాగితంలో దాన్నెక్కడ రాయాలో ఎవరికీ తెలీదు.

అచ్చాఫీసు కుర్రాడు ఫోటో చూసి
"కాణవిల్లై కొట్టాలా, కన్నీరంజలి కొట్టాలా" అన్నాడు.
రెండోదానికి పూల అంచు తయారుగా ఉందంట,
యాభై రూపాయలు తక్కువంట.
ఎక్కువదే కొట్టించాను.

ఇప్పుడు మేస్త్రీ ఆర్డరు:
ఎలక్షనొస్తోంది, గోడలు గోకండి.
బకెట్టు, నీళ్ళు, రేకు ముక్క.
సినిమాలు, జోస్యాలు, మొలల మందు,
ఇంగ్లీషు ట్యూషన్లు, అన్నీ గోకాను.
వంతెన కింద మూడో స్తంభానికి వాడు.
వానకి ఒక కన్ను ముందే పొయ్యింది.
రేకు అంచు దూర్చాను, మూల లేచింది,
మళ్ళీ అరచేత్తో అదిమాను.
మేస్త్రీ చూశాడు. ఏమీ అనలేదు.
బీడీ కోసం జేబులు తడుముకున్నాడు.

ఏడేళ్ళు నిండితే పోయినట్టేనని సర్టిఫికెట్ ఇస్తారంట.
నాలుగే అయినయ్.

కార్పొరేషన్ బూట్లు ఈ ఏడూ రాలేదు.
వాడివే తొడుక్కుంటన్నా, ముందు గుడ్డ కుక్కి.
నాలుగున్నర బండి ఆగీ ఆగనట్టు ఆగుతుంది.
చివరి పెట్టె దగ్గర
ఏదో దబ్బున పడిన చప్పుడు.
కంకర మీద పరిగెత్తే అడుగులు, తేలికవి,
పదహారుండవు.
చీపురు జారిపోతుంది చేతిలోంచి.
చీకట్లోకి కేకేస్తాను:
ఒరే, అన్నం తిని వచ్చావంట్రా?